ఎవరి చేతికి?

మా మామయ్య నలభై ఏళ్లు ఫొటోలు తీశాడు. తెనాలి చుట్టుపక్కల పెళ్లంటే ఆయనకే ముందు కబురొచ్చేది. పక్షవాతం వచ్చి తగ్గాక మాట తిరిగొచ్చింది, చేతికర్రతో నడకా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. కెమెరా బీరువాలోకి వెళ్లిపోయింది.

ఒక సాయంత్రం అత్తయ్య అరుగు మీద కూర్చుని సన్నజాజులు మాల కడుతోంది. ఏటవాలు ఎండ ఆమె వేళ్ల మీద పడుతోంది. మామయ్య అటే చూస్తూ, "వెలుతురు పోతోందిరా అల్లుడూ" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కెమెరాలన్నీ దాదాపు కుడిచేతి కోసమే చేసినవి. నొక్కే మీట కుడివైపే, పట్టు దొరికే ఉబ్బూ కుడివైపే. 1936లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో తయారైన కినె ఎక్సాక్టాకి మీట ఎడమవైపు ఉండేదని మామయ్యే ఒకప్పుడు చెప్పాడు. ఆ పోకడ నిలవలేదు. ఎడమచేత్తోనే పట్టుకుని, ఆ చేత్తోనే నొక్కాలంటే కెమెరా కింద ఒక పిడి ఉండాలి, మీట ఆ పిడి మీదికి రావాలి.

కెమెరా అడుగున ట్రైపాడ్ బిగించే రంధ్రం ఉంటుంది. వెడల్పు పావు అంగుళం, అంగుళానికి 20 మరలు. 6 మిల్లీమీటర్ల బోల్టు చూడటానికి అలాగే ఉంటుంది, మొదట వదులుగా దిగుతుంది కూడా. కానీ దాని మరల వరస వేరు. బిగిస్తే కెమెరా మరలు పాడవుతాయి. అందుకే పావు అంగుళం బోల్టే అడిగి తెచ్చాను. అత్తయ్య ఒక కొస చీలిన అప్పడాల కర్ర ఇచ్చింది. చీలిక కోసేసి, అయిదంగుళాల ముక్కకు నెత్తిన రంధ్రం చేసి, తల తీసేసిన బోల్టును జిగురుతో దించాను. దాని చుట్టూ వెడల్పాటి వాషర్, వాషర్ మీద సైకిల్ ట్యూబు ముక్క. బోల్టు పైకి 5 మిల్లీమీటర్లే కనపడాలి. ఎక్కువైతే కెమెరా లోపల పొడుచుకుంటుంది. వైరు రిమోట్ మీటను బొటనవేలు ఆనేచోట దారంతో బిగించి చుట్టాను. సగం నొక్కితే ఫోకస్, పూర్తిగా నొక్కితే ఫొటో. చెయ్యి జారినా కెమెరా కింద పడకుండా మణికట్టుకు నవారు ఉచ్చు.

నా పిడికిట్లో చక్కగా ఒదిగింది. మామయ్య పట్టుకున్న కాసేపటికే వేళ్లు వణికాయి. బొటనవేలు మీటను అందుకోలేదు.

అప్పుడు మా ఊరి వడ్రంగి గుర్తొచ్చాడు. పారకు కామ చెయ్యమంటే కర్ర ముట్టుకోకముందే "ఎవరి చేతికి?" అని అడిగేవాడు. నేను ఆ మాట అడక్కుండానే రంపం పట్టాను. మామయ్య ఎడమచేతిని నా అరచేతిలో పెట్టుకుని, వేళ్లు ఎంతవరకు ముడుచుకుంటాయో, బొటనవేలు ఎంతవరకు వాలుతుందో చూశాను. పిడిని గరుకు కాగితంతో సన్నగా అరగదీశాను. మీటను అర అంగుళం కిందికి దించాను.

ఆ తర్వాత నేర్పింది ఆయనే. మోచెయ్యి డొక్కకు ఆనించాలి. మెడలో పట్టీ బిగువుగా నిలిచేదాకా కెమెరాను ముందుకు చాపాలి; ఆ బిగువే రెండో చెయ్యి. షట్టర్ సెకనులో 200వ వంతుకు మించి తెరుచుకోకుండా పెట్టుకుంటే వణుకు బొమ్మలోకి రాదు. జూమ్ తిప్పడానికి ఇంకో చెయ్యి లేదు కాబట్టి 50 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి, దగ్గరికి కావాలంటే రెండడుగులు నడవాలి.

మొదటి ఫొటో అత్తయ్య వేళ్లది, మాలతో సహా.

మొన్న పక్కింటావిడ వచ్చి, కీళ్ల నొప్పులతో అట్లకాడ పట్టుకోలేకపోతున్నానంది. మిగిలిన కర్రముక్క కోసం నేను లోపలికి వెళ్లబోయాను. మామయ్య ఆగమని సైగ చేశాడు.

"ముందు నీ చెయ్యి చూపించమ్మా" అన్నాడు.