ఇత్తడి గిటారు, ఫేక్ ఎక్స్‌పీరియెన్స్

పోయిన ఏడాది జులైలో నా ఉద్యోగం పోయింది. పదిహేను నిమిషాల వీడియో కాల్, అది అవ్వగానే లాప్‌టాప్ లాక్. హెచ్-1బి వాళ్ళకి ఆ రోజు నుంచే లెక్క మొదలు.. 60 రోజులు. 2017లో వచ్చిన రూలు. ఆలోపు ఇంకో కంపెనీ మన పేరు మీద పిటిషన్ వెయ్యాలి. లేదా వేరే స్టేటస్‌కి మారాలి. అదీ కాకపోతే పెట్టె సర్దుకోవాలి.

పొద్దున్నంతా అప్లికేషన్లు, మధ్యాహ్నం ఫోన్లు. సాయంత్రానికి చెయ్యడానికి ఏమీ ఉండదు, బుర్ర మాత్రం ఆగదు. అప్పుడు కంటబడింది, మా న్యూజెర్సీ ఇంటి గరాజ్‌లో మూడేళ్ళుగా మూలుగుతున్న గిటార్ కిట్. లెస్ పాల్ ఆకారం, వెనక మహాగని, ముందు మేపుల్, ఇంకా రంగు వెయ్యని చెక్క.

"ఇలాంటి టైమ్‌లో గిటారేంటండీ?" అంది మా ఆవిడ.

"టైమ్ దొరికింది ఇప్పుడే కదా" అన్నాను.

రంగు విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. గోల్డ్‌టాప్! 1952లో గిబ్సన్ కంపెనీ మొట్టమొదటి లెస్ పాల్ తెచ్చినప్పుడు దాని ముందు భాగం బంగారు రంగులో ఉండేది. 1958లో సన్‌బర్స్ట్ వచ్చేదాకా అదే దాని ముఖం. ఇంతకీ ఆ బంగారంలో బంగారం లేదండోయ్. బ్రాంజ్ పౌడర్ అంటారు గానీ అందులో ఉండేది రాగి, జింకు.. అంటే మన ఇత్తడే. ఆ పొడిని నైట్రోసెల్యులోజ్ లాకర్‌లో (బ్యాంకు లాకర్ కాదు, వార్నిష్ లాంటిది) కలిపి కొట్టేవారు. వాయించే వాళ్ళ మోచెయ్యి రాసుకుని రాసుకుని పైపూత అరిగిపోతే, చెమట తగిలి ఆ చోట ఆకుపచ్చగా మారుతుంది. మనింట్లో ఇత్తడి చెంబుకి పట్టే చిలుము లాంటిదే అదీను. పాత గోల్డ్‌టాప్‌ల మీద ఆ పచ్చదనం చూసి జనం మురిసిపోతారు. అమ్మ చూస్తే చింతపండు పెట్టి తోమేసేది :)

సరే, పనికొస్తే.. గరాజ్‌లో వాటర్ హీటర్ మంట ఉంటుంది, లాకర్ ఆవిరికి అది తగిలితే ఇక చెప్పేదేముంది. అందుకని పెరట్లో పెట్టుకుని, మొహానికి మాస్క్ తగిలించుకుని కొట్టాను. ఇత్తడి పొడి బరువు, నిమిషం వదిలేస్తే గన్ అడుక్కి చేరుతుంది, కలుపుతూనే ఉండాలి. పల్చగా నాలుగు కోట్లు, ఆఖరిది కాస్త దూరం నుంచి మంచు పడ్డట్టు. ఆరాక ఆ పొరని ఉప్పు కాగితంతో ముట్టుకోకూడదు, రుద్దితే మెరుపు పోయి మచ్చలు పడతాయి. అంచు చుట్టూ ఉండే క్రీమ్ రంగు ప్లాస్టిక్ పట్టీ మీద పడ్డ రంగుని బ్లేడుతో గీకాలి. ఆ తర్వాత క్లియర్ కోట్లు.

రెండో క్లియర్ కోటు రోజు వాన వచ్చేలా ఉంది. అయినా ఆగలేదు. పది నిమిషాల్లో గిటారు మీద పాలపొర లాంటి తెల్లదనం. గాలిలో తేమ లాకర్‌లో చిక్కుకుంటే అలా అవుతుంది. నాలుగు రోజులాగి, ఎండ కాసిన రోజున నిదానంగా ఆరే రిటార్డర్ థిన్నర్ పల్చగా కొడితే పోయింది. ఇంటర్వ్యూ ఫలితాలకి అలాంటి థిన్నర్ ఏదీ లేదు.

క్లియర్ కోట్లు అయ్యాక లాకర్ గట్టిపడ్డానికి నెల రోజులు ఆగాలి. ఆ నెలలోనే నా బుర్రలో ఓ పురుగు దూరింది. 'రెలిక్' చేస్తే? అంటే కొత్త గిటారుని కావాలని పాతదానిలా తయారుచెయ్యడం. ఇదేం దొంగ వ్యవహారం కాదు, ఫెండర్ కస్టమ్ షాపే 1995 నుంచి అలాంటివి అమ్ముతోంది, ధర కూడా ఎక్కువే. ఇంట్లో చేసేవాళ్ళు బ్లేడుతో సన్నటి పగుళ్ళు గీస్తారు, మోచెయ్యి ఆనే చోట అరగదీస్తారు, వెనిగర్ ఆవిరి పట్టించి చిలుము తెప్పిస్తారు. నేను వెనిగర్ సీసా కూడా తెచ్చి పెట్టుకున్నాను.

ఆ వారంలోనే ఒక రిక్రూటర్ కుర్రాడు ఫోన్ చేశాడు. తెలుగువాడే. "అన్నా, ఏమనుకోకండి. రెజ్యూమెలో మొదటి పదేళ్ళు తీసెయ్యండి. వయసు తెలిసిపోతోంది" అన్నాడు.

ఫోన్ పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. 2007లో నేను అమెరికా వచ్చినప్పుడు నా అనుభవం రెండేళ్ళు. కన్సల్టెన్సీ వాళ్ళు దాన్ని ఆరేళ్ళు చేశారు. నాకు తెలిసే చేశారు. చూడని ప్రాజెక్టుల గురించి బట్టీపట్టి ఇంటర్వ్యూల్లో చెప్పాను. ఉద్యోగం వచ్చాక రెండేళ్ళ పాటు ఎవరు "ఆ ప్రాజెక్టులో మీరేం చేశారు?" అని అడిగినా కడుపులో దడ. నిజంగా ఆరేళ్ళు పనిచేసి, ఆ ప్లేస్‌కి రావాల్సినవాడు ఎవరో ఒకడు ఉండే ఉంటాడు కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది. అప్పుడు లేని నాలుగేళ్ళు అతికించారు. ఇప్పుడు ఉన్న పదేళ్ళు గీకెయ్యమంటున్నారు.

గిటారుని రెలిక్ చెయ్యడం తప్పని నేననను. అమ్మేవాడు చెప్పే అమ్ముతాడు, కొనేవాడు తెలిసే కొంటాడు. నా రెజ్యూమె అలా కాదు. ఆ తేడా తెలిసినా, వెనిగర్ మూత తియ్యడానికి చెయ్యి రాలేదు. సీసా వంటింట్లోకి వెళ్ళిపోయింది. రెజ్యూమెలోంచి కూడా ఏమీ తియ్యలేదు.

45వ రోజున తడి ఉప్పు కాగితంతో క్లియర్ పొరని నునుపు చెయ్యడం మొదలుపెట్టాను. ఆ మర్నాడే ఒక ఫైనల్ రౌండు. చెయ్యి గిటారు మీద, ధ్యాస ఇంటర్వ్యూ మీద. చూసుకునేసరికి మోచెయ్యి ఆనే అంచు దగ్గర క్లియర్ పోయి, బంగారం దాకా అరిగిపోయింది. అంగుళం పొడుగున మాసిన చార. సరిచెయ్యాలంటే మళ్ళీ గోల్డ్, మళ్ళీ క్లియర్, మళ్ళీ నెల. వదిలేశాను.

52వ రోజున కొత్త కంపెనీ పిటిషన్ వేసింది. జీతం కొంచెం తక్కువ. రెజ్యూమె మొత్తం చదివినవాళ్ళే ఇచ్చారు.

ఇప్పుడు రోజూ రాత్రి ఓ అరగంట వాయిస్తాను. మొన్న చూస్తే ఆ చార అంచున సన్నగా ఆకుపచ్చ గీత కనిపించింది. మా ఆవిడని పిలిచి చూపించాను.

దగ్గరికొచ్చి చూసి, "చింతపండు తెమ్మంటారా?" అంది.