అత్తయ్యగారి కథ బాకీ

మొన్న శివరాత్రికి కోటప్పకొండ తిరణాల చూపిద్దామని పిల్లల్ని తీసుకుని ఊరెళ్ళాం. తిరణాల సంగతి ఇంకోసారి రాస్తాను. ఈసారి మా అత్తయ్యగారి పాత బాకీ గురించి చెప్పాలి.

మా అత్తగారి ఊరు చిలకలూరిపేటకీ పర్చూరుకీ మధ్య చిన్న పల్లె. నల్లరేగడి నేల. పత్తీ మిరపా తప్ప ఇంకో మాట వినపడదు. హైదరాబాదులో చదువుకునే మావాడు వాళ్ళ నాయనమ్మ కోసం ఒక పుస్తకం తెచ్చాడు. ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లో నాలుగు వారాలు వెతికితే దొరికిందట. అట్ట లేదు. లోపలి పేజీ మీద ఏదో అద్దె లైబ్రరీ ముద్ర. పేరు ‘లక్షాధికారి హత్య’, రాసింది కొమ్మూరి సాంబశివరావు.

“నాయనమ్మ పేరు చెప్పి మరీ అడిగిందమ్మా, ఇదే కావాలంది” అన్నాడు వాడు.

నాకు నవ్వొచ్చింది. భాగవతం చదువుకునే వయసులో హత్యలేమిటని!

ఇప్పటి పిల్లలకి తెలీదు కానీ, డిటెక్టివ్ యుగంధర్ అంటే ఒకప్పుడు ఇంటింటి మనిషే. కొమ్మూరి 1926లో మన తెనాలిలోనే పుట్టారు. మద్రాసులో ఉండి 1950ల చివర నుంచి వరసగా డిటెక్టివ్ నవలలు రాశారు. అంతకు ముందు పాంచకడి దే బెంగాలీ అపరాధ పరిశోధక నవలలు తెలుగులోకి వచ్చాయి కానీ, తెలుగు మాట్లాడే డిటెక్టివ్‌ని ఇంత మందికి దగ్గర చేసింది యుగంధరే. పక్కన అసిస్టెంటు రాజు. చిన్న సైజు, చవక కాగితం, భయంకరమైన బొమ్మ ఉన్న అట్ట. తర్వాత టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ వచ్చారు. మా తరానికి మధుబాబు గారి షాడో.

మావాడు ఫోనులో వెతికి ఇంకో సంగతి చెప్పాడు. ఇంగ్లండులో సెక్స్‌టన్ బ్లేక్ అని ఒక డిటెక్టివ్ ఉండేవాడట. 1893లో అరపెన్నీ కథల పత్రికలో పుట్టాడు. అతనికీ టింకర్ అని కుర్ర అసిస్టెంటు. ఆ బ్లేక్ కథల్ని వందమందికి పైగా రచయితలు దశాబ్దాల తరబడి రాశారట. డిటెక్టివ్ పత్రికవాళ్ళ సొత్తు, రాసేవాళ్ళు మారుతుంటారన్నమాట. మన యుగంధర్ అలా కాదు, కొమ్మూరి మనిషి. ఆయన కలం ఆగితే యుగంధరూ ఆగిపోయాడు.

ఆ పుస్తకాలు కొని చదివినవాళ్ళకన్నా అద్దెకి తెచ్చుకున్నవాళ్ళే ఎక్కువ. అత్తయ్యగారికి చిలకలూరిపేట నుంచి మావయ్యగారు తెచ్చేవారు. రోజుకింత అని అద్దె, ఆలస్యమైతే ఇంకాస్త. చేతులు మారీ మారీ నలిగి చినిగిపోయాక ఆ పుస్తకాలు తూకానికి పోయేవి. అందుకేనేమో ఇప్పుడు ఒక్కటి దొరకడం ఇంత కష్టం.

శివరాత్రి మర్నాడు మధ్యాహ్నం ఊరి చివర నుంచి ఒక ముసలావిడ వచ్చింది. ఒకప్పుడు మా కళ్లంలో తాలు కాయలు ఏరేదట. అరుగు మీద కూర్చుని, లోపలికి చూస్తూ, “పుస్తకం దొరికిందంటగా అమ్మగారూ?” అంది.

అప్పుడు తెలిసింది అసలు విషయం. పెళ్ళయిన కొత్తలో అత్తయ్య కళ్లం దగ్గర కూర్చుని, కాయలు ఏరే ఆడవాళ్ళకి యుగంధర్ కథలు పైకి చదివేవారట. పదిమందీ ఘాటుకి దగ్గుతూ, ముక్కులు తుడుచుకుంటూ వినేవాళ్ళు.

“మంచి పట్టు మీదుండగా మూసేసేవోరమ్మా. మిగతాది రేపొస్తే చెప్తాననేవోరు. పక్క కళ్లంలో అర్ధరూపాయి ఎక్కువిస్తాం రమ్మన్నా ఎవురెళ్తారు? ఆ చంపినోడెవడో తెలీకుండా!” అని పడీపడీ నవ్వింది.

మేమంతా నవ్వాం. అత్తయ్య నవ్వలేదు.

“ఆ యేడు మబ్బు పట్టిందని కాయలన్నీ గబగబా బస్తాలకెత్తేశారు. పని అయిపోయింది, కథ అవలా. వచ్చే యేడు చెప్తానన్నారు. వచ్చే యేడు ఇంకో పుస్తకం మొదలెట్టారు!”

“అద్దె పెరుగుతోందని మీ అయ్యగారు పుస్తకం ఇచ్చేశారే” అన్నారు అత్తయ్య నెమ్మదిగా.

“మీరు చదివారుగా అమ్మగారూ. నోటితో చెప్తే సరిపోయేది.”

అత్తయ్య ఏమీ అనలేదు. పుస్తకం నా చేతిలో పెట్టి, “నా కళ్ళకి ఆనట్లేదు, నువ్వు చదువమ్మా” అన్నారు. ఆవిడకి కబురు పెట్టింది అత్తయ్యేనని అప్పుడు అర్థమైంది నాకు.

ఎక్కడ ఆపారో ఇద్దరికీ గుర్తులేదు. మొదటి నుంచీ మొదలుపెట్టాను. మధ్యలో రెండుసార్లు టీ పెట్టుకున్నాం. మావాడు కూడా ఫోను పక్కన పడేసి కూర్చున్నాడు. పొద్దుగూకి లైటు వేశాక అయింది. చంపిందెవరో ఇక్కడ చెప్పను, మీకు దొరికితే చదువుకోండి.

అంతా విని ఆవిడ కొంగు దులుపుకుని లేచింది. “నేనప్పుడే అనుకున్నా, వాడేనని” అంది.

ఇన్నేళ్ళ నుంచీ అనుకుంటూనే ఉందన్నమాట!

వెళ్ళేటప్పుడు అత్తయ్య ఆవిడ సంచిలో కొత్త మిరపకాయలు పోశారు, ఇంక చాలమ్మగారూ అంటున్నా వినకుండా.

రాత్రి పడుకోబోతూ నన్ను పిలిచి అడిగారు. “పదిమంది. రోజుకి అర్ధరూపాయి. ఆ సీజనంతా కలిపితే ఎంతవుద్దే?”

“ఇప్పుడెందుకత్తయ్యా అవన్నీ, పడుకోండి” అన్నాను.

లెక్క రాక కాదు. చెప్పబుద్ధి కాలేదు.