గడప అవతలి తహారత్

చార్మినార్‌కు ఉత్తరాన గుల్జార్ హౌజ్ దాటగానే పత్థర్‌గట్టీ రాతి కమానుల వరుస మొదలవుతుంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలాది ప్రాణాలను కబళించింది. ఆ విషాదం తరువాత 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి మండలిని నెలకొల్పింది. ఇరుకు బస్తీల స్థానంలో గాలి, వెలుతురు, మురుగు పారుదల గల నివాసాలు కల్పించడం దాని బాధ్యత. పత్థర్‌గట్టీ బజారు ఆ మండలి నిర్మాణమే. వరదను అదుపు చేసి నగరానికి తాగునీరు అందించేందుకు 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ సిద్ధమయ్యాయి.

ఆ కమానుల వెనుక గల్లీలలోకి వెళితే దృశ్యం మారుతుంది. ఒకే కుటుంబం నివసించిన పాత ఇళ్ళు నేడు అనేక వాటాలుగా చీలాయి. మేము నడిచిన ఒక గల్లీలో పొంగుతున్న మ్యాన్‌హోల్‌ను ఆనుకునే తాగునీటి పైపు సాగుతోంది. నల్లా వదలిన వెంటనే వచ్చే నీరు రంగు మారి వాసన వేస్తుందని అక్కడి తల్లులు మాతో చెప్పారు.

ఇందుకు కారణం సులభంగానే బోధపడుతుంది. నల్లా నీరు రోజంతా రాదు. సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి తగ్గి, పగుళ్ళ గుండా చుట్టూ నిలిచిన మురుగు లోనికి చేరుతుంది. నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే ఆ గుంజుడు మరింత పెరుగుతుంది. మోటారు పెట్టినవారు పొరుగువారి వాటా నీటిని లాగుకోవడమే గాక, వారి బిందెలోకి మురుగును కూడా రప్పిస్తున్నారు. టైఫాయిడ్, కామెర్లు, విరేచనాలు ముందుగా పసిపిల్లలనే పట్టుకుంటాయి.

ఫిఖ్హ్ గ్రంథాలు తహారత్ అధ్యాయంతోనే ప్రారంభమవుతాయి. మాలిన్యం కలిసి నీటి రంగు, రుచి, వాసనలలో ఏ ఒక్కటి మారినా ఆ నీటితో వుజూ చెల్లదని మేము విద్యార్థులకు బోధిస్తాము. అట్టి నీరు మన నల్లాలోనే వస్తుంటే, కాలువ సంగతి ప్రభుత్వానిదని ఊరుకోగలమా? జనం నడిచే బాటలో మలినం చేయడాన్ని దైవప్రవక్త (స) తీవ్రంగా వారించారు. బాటలోని హానికర వస్తువును తొలగించడాన్ని విశ్వాసంలో భాగంగా పేర్కొన్నారు.

జనాజా నమాజు ఫర్జె కిఫాయా. కొందరు నెరవేర్చితే అందరి బాధ్యత తీరుతుంది. ఎవరూ నెరవేర్చకపోతే అందరూ దోషులే. గల్లీ శుభ్రతనూ మనం ఈ దృష్టితోనే చూడాలి. మస్జిదు కమిటీ పూనుకొని ఇంటింటి సంతకాలతో పైపు మార్పిడికి అర్జీ పెట్టవచ్చు. నేరుగా బిగించిన మోటార్లను తీయించవచ్చు. ఖుర్బానీ వ్యర్థాలు, ప్లాస్టిక్ సంచులు మ్యాన్‌హోల్‌లో పడకుండా కాపు కాయవచ్చు. పైపు మారే వరకు నీటిని కాచి తాగాలి. పూడిక తీయడానికి యంత్రాన్నే పిలిపించాలి. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగు గోతిలోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఆ మనిషి ప్రాణం కూడా అల్లాహ్ అమానతే.

మన ఇంటి పరిశుభ్రత పొరుగింటికి హాని కాకుండా చూసుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.