గోషామహల్‌లో సంథ చెప్పుకుంటున్నారు!

హైదరాబాద్‌లో బేగంబజార్ రద్దీకి కూతవేటు దూరంలో ఓ పాత మహల్ ఉంది... గోషామహల్ బారాదరి. ఆ పేటకు పేరొచ్చింది దీనివల్లే. భక్త రామదాసు కథలో తానీషా గుర్తున్నాడు కదా! ఆ అబుల్ హసన్ కుతుబ్‌షా కట్టించిందిది. ఘోషా అంటే పరదా చాటు. రాణివాసపు ఆడవాళ్ల కోసం కట్టించారని చెబుతారు. 1872 నుంచి మాత్రం ఇది ఫ్రీమేసన్ల లాడ్జి. మహిళలకు సభ్యత్వం లేదు. ఇప్పుడు పరదా చాటున ఉండేది మగవాళ్లన్నమాట!

లాడ్జి అంటే అద్దె గదులు అనుకునేరు... సభ్యులు సమావేశమయ్యే చోటుకు ఆ పేరు. లోపలేం జరుగుతుందో తెలియక ఉత్తరాదిలో ఇలాంటి భవనాలను ఒకప్పుడు 'జాదూఘర్' అనేవారు. ఆ మాయేమిటో చూద్దామని అనుమతి తీసుకుని ఓ మధ్యాహ్నం వెళ్లాను. ఆరోజు సమావేశం లేదు. వరండాలో ఇద్దరే ఉన్నారు. ఒకాయన రిటైరైన లెక్చరరు, డెబ్బై ఆరేళ్లు. రెండో ఆయన మందుల హోల్‌సేల్ వ్యాపారి, నలభై ఒకటి. కళ్లు మూసుకుని ఏదో వల్లె వేస్తున్నాడు, రేపు పరీక్ష ఉన్న పిల్లాడిలా.

పరీక్షే మరి!

పుస్తకం కాదు, నోటి మాట

రాతి పనివాళ్ల సంఘాల సంప్రదాయాన్ని ఆధారం చేసుకుని పుట్టింది ఫ్రీమేసన్రీ. 1717లో లండన్‌లోని నాలుగు లాడ్జీలు కలిసి మొదటి గ్రాండ్ లాడ్జి ఏర్పడింది. మనదేశానికి సొంత గ్రాండ్ లాడ్జి 1961లో వచ్చింది. నరేంద్రనాథ్ దత్తా, అంటే మన వివేకానందుడు, 1884లో కలకత్తాలో సభ్యుడిగా చేరారు. లాడ్జిలో భగవద్గీత, ఖురాన్, బైబిల్ పక్కపక్కనే ఉంటాయి. మతం గురించీ రాజకీయాల గురించీ వాదనలు మాత్రం నిషిద్ధం.

మొత్తం మూడు మెట్లు. మొదటి మెట్టు నుంచి రెండోదానికి వెళ్లాలంటే అందరి ముందూ నిలబడి ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. కాగితం చూడకూడదు. సొంత మాట కలపకూడదు. వేదపాఠశాలలో గురువు ఒకసారి చెబితే శిష్యుడు రెండుసార్లు అంటాడు చూడండి, ఆ సంథ లాంటిదే ఇది. పాఠాలన్నీ మేస్త్రీ పనిముట్ల చుట్టూనే తిరుగుతాయి. ఇరవై నాలుగు అంగుళాల కొలబద్ద అంటే రోజులోని ఇరవై నాలుగు గంటలు. చెక్కని రాయి అంటే మనమే!

'అచ్చు పుస్తకాలు దొరుకుతున్నాయి కదా, ఇంకా నోటి చదువెందుకు?' అనడిగాను.

'పుస్తకం ఇస్తే ఇంటికెళ్లి ఒక్కడే చదువుకుంటాడు. నోటితో చెబితే ఇక్కడికి రావాల్సిందే. మాటతోపాటు మనిషీ దొరుకుతాడు' అన్నారు పెద్దాయన.

లండన్‌లో 1823 నుంచి నడుస్తున్న ఎమ్యులేషన్ లాడ్జ్ ఆఫ్ ఇంప్రూవ్‌మెంట్‌లో పని ఇదే... సాధన. అక్కడ తంతును ఒక్క అందింపు కూడా లేకుండా నడిపినవారికి వెండి అగ్గిపెట్టె బహూకరిస్తారు. అందుకోసం ఏళ్లతరబడి సాధన చేసేవాళ్లున్నారట!

తప్పితే ఎలా?

'మా ఆవిడ ఫోన్ నంబరే నోటికి రాదండీ నాకు' అని నవ్వాడు వ్యాపారి. 'చేరినప్పుడు పరిచయాలు పెరుగుతాయనుకున్నా. ఇదిగో, నాలుగు నెలలుగా ఈ పాఠం. లాడ్జిలో వయసుతో పనిలేకుండా అందరూ బ్రదర్లే. ఈయన్ని అలా పిలవడానికి నాకు నోరు రాదు. మాస్టారూ అనే అంటాను.'

వచ్చేవారమే అతని పరీక్ష. మధ్యలో మరిచిపోతాననే భయం. మన పద్యనాటకాల్లో తెర చాటున ప్రాంప్టర్ ఉన్నట్టే లాడ్జిలోనూ అందించేవారు ఒకరుంటారు. ఆ ఒక్కరే అందించాలి. తెలిసినా మిగతావాళ్లు పెదవి కదపకూడదు. 'ఆగిన ప్రతివాడూ మరిచిపోయినట్టు కాదు బాబూ, ఊపిరి తీసుకుంటున్నాడేమో! తొందరపడి అందిస్తే ఉన్న మాట కూడా పోతుంది' అన్నారు మాస్టారు.

ఈమధ్య ఆయనకు మతిమరుపు వస్తోందట. మాత్ర వేసుకున్నదీ లేనిదీ గుర్తుండటం లేదు. 'నాకు నేర్పినాయన పోయి చాలా ఏళ్లయింది. నా దగ్గర ఉన్నప్పుడే ఇతనికి ఇచ్చెయ్యాలి' అన్నారు మామూలుగా.

బయల్దేరబోతుంటే పాఠం మళ్లీ మొదలైంది. మాస్టారు ఓ పొడవాటి భాగం చెబుతూ చటుక్కున ఆగిపోయారు. రెండు క్షణాలు... నాలుగు... పది. శిష్యుడికి ఆ మాట తెలుసు, ముఖంలో కనిపిస్తోంది. అయినా పెదవి కదపలేదు. బయట ఆటోల హారన్లు తప్ప చప్పుడు లేదు. చివరికి మాట దొరికింది. వాక్యం పూర్తిచేసి మాస్టారు శిష్యుడి భుజం తట్టారు.

'ఆగావు చూడు... వచ్చేసిందయ్యా నీకు!'

నేను గేటు దాటేసరికి కొత్తాయన గొంతు వినిపించింది, మొదటి ప్రశ్న నుంచి మళ్లీ.