కథల్లో దాక్కున్న భూతకాలం

మ్యూనిక్‌లో ఓ తల్లి 'బళ్లో ఏం చేశావురా?' అని కొడుకుని అడిగేటప్పుడు ఒకరకం భూతకాలం వాడుతుంది. రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని కథ చదివేటప్పుడు మరో రకం! అర్థంలో పెద్ద తేడా లేదు. కానీ ఆ రెండో రకం పిల్లాడి చెవిన పడేది ఎక్కువగా కథల్లోనే. కథ చదివి వినిపించే దిక్కులేని పిల్లలకు, అది సొంత భాషే అయినా బడి పుస్తకంలో కొత్తగా కనిపిస్తుంది.

'నేను వెళ్లాను' అనడానికి జర్మన్‌లో 'ఇహ్ గింగ్' అనొచ్చు, 'ఇహ్ బిన్ గెగాంగెన్' అనీ అనొచ్చు. మొదటిది ఒక్క క్రియాపదంతో పని ముగించే సాదా భూతకాలం. నవలలకూ పత్రికలకూ అదే ముద్దు. రెండోదానికి సహాయక క్రియ తోడుండాలి. ఉత్తరాది వాళ్ల నోట మొదటిది ఇంకా కాస్తో కూస్తో వినిపిస్తుంది. బవేరియా, ఆస్ట్రియాల్లో మాటల్లోంచి దాదాపు తప్పుకుంది. 'ఉండేవాడు' అని చెప్పే 'వార్' లాంటివి ఏవో కొన్ని మిగిలాయంతే. స్విస్ జర్మన్ మాండలికాల్లో అవీ లేవు.

ఎందుకిలా? పండితులు చెప్పే కారణాల్లో ఒకటి భలే సరదాగా ఉంటుంది. 'జాగ్టె' అంటే చెప్పాడు, 'జాగ్ట్' అంటే చెబుతాడు. కొన్ని వందల ఏళ్ల కిందట దక్షిణాది వాళ్లు మాట చివరి అచ్చును మింగేయడం మొదలుపెట్టారు. దాంతో రెండూ ఒకటైపోయాయి. చెప్పాడో చెబుతాడో తేలకపోతే ఎన్ని తగాదాలు! అందుకే జనం రెండు ముక్కల రూపాన్ని పట్టుకున్నారట. మరి 'గింగ్'కి ఆ చిక్కు లేదే? అయినా అదీ గుంపుతో పాటే పోయింది.

'గింగ్'లా లోపలి అచ్చును మార్చుకునే క్రియలకు 'బలమైనవి' అనీ, చివర 'టె' తగిలించుకునేవాటికి 'బలహీనమైనవి' అనీ పేరు పెట్టింది యాకోబ్ గ్రిమ్, 1819లో వెలువడిన తన వ్యాకరణంలో. తమ్ముడితో కలిసి 1812లో జానపద కథలు అచ్చువేయించిన గ్రిమ్ ఈయనే. తమాషా ఏమిటంటే, ఆ బలమైనవాటిలో కొన్ని బలహీనుల్లో కలిసిపోయాయి. రొట్టె కాల్చడాన్ని చెప్పే 'బూక్' పాతబడి 'బాక్టె' వచ్చింది.

తెలుగువారికి ఇది బొత్తిగా తెలియని సంగతేం కాదు. పుస్తకాల్లో 'వచ్చెను, పోయెను', ఇళ్లల్లో 'వచ్చాడు, పోయాడు' అన్న రోజులున్నాయిగా! మన పత్రికలు వాడుకభాషకు మారాయి. జర్మన్ పత్రికలు మాత్రం ఆ పాత రూపాన్ని వదల్లేదు. అందుకే హైదరాబాద్‌లో కూర్చుని జర్మన్ నేర్చుకునే కుర్రాళ్లకు రెట్టింపు చాకిరీ. 'గేయెన్, గింగ్, గెగాంగెన్' అంటూ మూడేసి రూపాలు వల్లెవేయాలి. తీరా వియన్నా వెళ్లి కాఫీ హోటల్లో కూర్చుంటే, చుట్టుపక్కల ఎవరి నోటా 'గింగ్' వినపడదు. బల్లమీదున్న పేపర్లో మాత్రం అలాంటివి వరుసకట్టి ఉంటాయి.