మా యింటి కైమా యుండలు

ఉద్దానమనిన కొబ్బరి, జీడి, పనస తోటల నాడు. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని పెద్దలందురు. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటి ఆ చెట్లలో పెక్కింటిని వేళ్లతో పెకలించినది. మిగిలినవియు, మరల నాటినవియు నేడు నీడ నిచ్చుచున్నవి. ఇట్టి తోటల నడుమ నున్న మా యింట ఇటలీ దేశపు వంటకమొకటి ఆదివారపు వంటకమై కూర్చున్నదనిన సోదరీమణులకు నవ్వు రావచ్చును.

మేమిద్దఱము తోడికోడండ్రము, వంటయిల్లు ఉమ్మడి. మా పెద్దమ్మాయి విశాఖపట్టణమున హాస్టలులో చదువుకొనుచు, సెలవులకు వచ్చునపుడు పాస్తా పొట్లము నొకదానిని తెచ్చినది. కోడిమాంసపు కైమా యుండలను టమాటా రసములో నుడికించి దీనిపై వడ్డించుకొనవలెనట. మా అత్తగారు పొట్లము విప్పి చూచి, “ఇదేటమ్మా, ఎండిన వానపాముల్లాగున్నాయి! తినడానికేనా?” అనిరి. సేమ్యాకు అన్నగారని మేము చెప్పితిమి. ఇది అబద్ధము కాదు. రెండును గోధుమ రవ్వ బిడ్డలే. టమాటాకు మాత్రము ఆ దేశము పుట్టినిల్లు కాదు. దక్షిణ అమెరికా నుండి అచ్చటికి పోయినది, మనకును ఆవలి నుండియే వచ్చినది. మన నిఘంటువులలో దానికి రామములగ యను చక్కని పేరు కలదు. ఆ పేరు వాడుకలో నిలువనందుకు మాకు కొంచెము విచారము.

అయితే మా యింట ఏ క్రొత్త వంటకమైనను ముందొక పరీక్షకు నిలువవలయును. మా మామగారికి మూత్రపిండముల వ్యాధి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస ప్రాంతములలో ఈ వ్యాధి యెఱుగని వీధి అరుదు. ఏ కారణమున నిది పుట్టుచున్నదో పండితులు ఎన్నియో సంవత్సరములుగా పరిశోధించుచున్నను నిశ్చయముగా తేలలేదు. మామగారికి వారమునకు రెండుమార్లు డయాలసిస్ జరుగుచున్నది. మొదట ఆయనను విశాఖపట్టణమునకు తీసికొనిపోవుచుంటిమి. తెల్లవారకముందు రైలెక్కిన రాత్రికి గాని యిల్లు చేరెడివారము కాము. 2023 డిసెంబరు 14వ తేదీని పలాసలో రెండువందల పడకల ఆసుపత్రియు, పరిశోధనాలయమును తెఱువబడినవి. ఇపుడు ఆయన యుదయము వెళ్లి భోజనము వేళకు వచ్చుచున్నారు.

కాని ఆ భోజనమే కష్టము. పనిచేయని మూత్రపిండములు పొటాషియమును వెలికి పంపలేవు. అది రక్తమున మీఱినచో గుండెయే ఆగిపోవచ్చును. కొబ్బరినీళ్లలో నది మెండు. పనసపండులో నున్నది. జీడిపప్పులో నదియు, భాస్వరమును గూడ నున్నవి. జన్మమంతయు తాను నీరు పోసి పెంచిన చెట్ల ఫలములలో నొక్కటియు ఆయన నోటికి రాకుండుట యెట్టిదో మీరే యూహింపుడు. ఉప్పు కొంచెము, నీరు కొలత. రెండు సంవత్సరములు ఆయన పెరటి వసారాలో వేఱుగా కూర్చుండి తినిరి. పిల్లల పళ్లెములవైపు చూడవలసి వచ్చునని కాబోలు.

డయాలసిస్‌కు ముందు దశలో మాంసకృత్తులు తగ్గించుడని చెప్పిన వైద్యుడే, అది మొదలైన పిదప గ్రుడ్డు, కోడిమాంసము పెట్టుడని చెప్పెను. డయాలసిస్‌లో మాంసకృత్తులు కొంత పోవునట. ఆ మాట వినగానే మా తోడికోడలు, “అయితే ఆ ఉండలు మామయ్యగారికీ పనికొస్తాయి గదా!” అనెను. చిక్కంతయు రసముతో. ఒక కిలో టమాటాలు ఉడికి పావుకిలో గుజ్జయినపుడు, కిలోలోని పొటాషియమంతయు ఆ పావుకిలోలోనే యుండును గదా. కనుక ఉండలందఱకు నొకటే, రసము మాత్రము వేఱు అని నిర్ణయించుకొంటిమి.

అర్ధకిలో ఎముకలేని ఫారము కోడిమాంసమును కడిగి కైమా కొట్టింతుము. నాటుకోడి రుచియే గాని ఉండకు గట్టి. సన్నగా తఱిగిన ఉల్లిపాయ యొకటి, అల్లము వెల్లుల్లి ముద్ద చెంచాడు, మిరియాలపొడి, కొంచెము కొత్తిమిరి చేర్తుము. ఉప్పు లేనిదే కైమా జిగురుపట్టదు. ఆ లోటు తీర్చుటకు ఒక గ్రుడ్డులోని తెల్లసొనయు, రెండు గుప్పిళ్ల రొట్టెపొడియు కలిపి, అరగంట ఫ్రిజ్‌లో నుంచి, తడిచేతితో చిన్న నిమ్మకాయంత యుండలు చేయుదుము. పలాస వారమై యుండి జీడిపప్పు ముద్ద వేయకపోవుట యేమని చుట్టములు పరిహసింతురు. మా పళ్లెములలోను వేసికొనము. ఆ యుండలను ఇడ్లీ పాత్రలో ఇరువది నిమిషములు ఆవిరిపై నుడికింతుము. ఒకదానిని విఱిచి చూడుడు; నడుమ ఎఱుపు కనబడినచో ఇంకను ఉడకవలయును.

రసమునకు బాగుగా పండిన కాయలు కావలెను. వానికి గంట్లు పెట్టి మరుగునీట ముంచి తీసినచో తోలు చొక్కావలె నూడివచ్చును. నూనెలో వెల్లుల్లి వేగిన పిదప గుజ్జు వేసి, మూత సగము తీసి సన్ననిసెగపై ముప్పావుగంట విడువవలెను. ఉప్పంతయు ఇచ్చటనే. పులుపు హెచ్చయిన చిటికెడు బెల్లము. పరదేశపు ఆకులేవో వేయుమని పెద్దమ్మాయి చెప్పినది గాని టెక్కలి సంతలో అవి దొరకవు. కరివేపాకు వేసితిమి, ఎవరును తప్పు పట్టలేదు. మా యుండలు పది నిమిషములు ఇందులో మగ్గును.

మామగారి ఉండలను మాత్రము చెంచాడు నూనెలో ఉల్లిపాయలతో దోరగా వేయించి, మిరియాలు చల్లి, నాలుగు నిమ్మచుక్కలు పిండుదుము. పాస్తాను ఉప్పులేని విస్తారపు నీట నుడికించి వార్చివేయుదుము. ఒకమాఱు బంధువొకరు ప్రేమతో అల్పసోడియము ఉప్పు పొట్లము తెచ్చిరి. సోదరీమణులు దీనిని తప్పక గమనింపుడు: సోడియము తగ్గించుటకు అందులో పొటాషియము లవణమునే కలుపుదురు. ఆరోగ్యవంతులకు మంచిదే కావచ్చును, ఇట్టి రోగికి విషము. ఇంకొక మాట: రక్తపరీక్షను బట్టి ఒక్కొక్క రోగికి పథ్యము మాఱును. మా కొలతలను మీ యింటి రోగికి పెట్టకముందు ఆ వైద్యునే యడుగవలెను.

మొదటి ఆదివారమున మామగారు వసారాలోనికి పోబోవుచుండగా చిన్నవాడు చేయిపట్టుకొని, “తాతా, నీకూ ఉండలే, నాకూ ఉండలే” యని తన ప్రక్కన కూర్చుండబెట్టుకొనెను. ఆయన పాస్తాను చేతితో తీయలేక, ముల్లుగరిటె త్రిప్పలేక, పిల్లలతో పాటు నవ్విరి. నాలుగుండలు తినిరి. అత్తగారు మాత్రము తమ యుండలను రసముతో సహా వేడియన్నములో కలుపుకొనిరి. వానపాముల జోలికి పోలేదు.

వైద్యుని యడిగి ఇపుడు ఆయన పళ్లెపు అంచున ఒక చెంచాడు రసము కూడ వేయుచున్నాము. దానిని ఆయన చిట్టచివరి యుండకు దాచుకొందురు.