కొల్లేటిని జూపిన జపాను చిత్రములు

విద్యార్థియై పరదేశమునకు బోయినవాడు ఏమి తెచ్చినాడని లోకము విచారించును. యంత్రవిద్య నేర్చినవాని పనిని కంటితో జూడవచ్చును. వైద్యము నేర్చినవాని హస్తవాసిని రోగియే చెప్పును. చిత్రకళాచరిత్ర చదివినవాడు మాత్రము తన చదువునకు లెక్క చెప్పవలసియున్నది. తాడేపల్లిగూడెమున మా బంధువులు పలుమారు మమ్మడిగిన ప్రశ్నయు నిదియే: "జపానువారి బొమ్మలతో మనకేమి పని?" ప్రశ్న న్యాయమైనది గనుక సమాధానము వ్రాయుచున్నాము.

మేము క్యోటో నగరమున నొక విశ్వవిద్యాలయమందు విదేశ విద్యార్థిగా జేరితిమి. తొలి సంవత్సరము భాషతోడనే గడచెను. పిమ్మట బాఠములు నడచిన తీరు మా కెంతయు నచ్చినది. ప్రాచీన చిత్రపటమును విప్పుటకు ముందు చేతులు కడుగుకొని, ఉంగరమును గడియారమును దీసి పక్కన నుంచవలెను. మసిని జిగురుతో గలిపి చేసిన సిరాకణికను, మన యిండ్లలో గంధపుచెక్కను సానపై నరగదీయునట్లు, రాతిపలకపై నీటితో నరగదీయుదురు. ఆ సిరాతో గొండను, చెట్టును, పడవను వ్రాయుదురు గాని నీటిని వ్రాయరు. వ్రాయక విడిచిన తెల్లకాగితమే నీరు. ఆ చోటును నింపినచో సరస్సు మాయమగును.

ఒకనాడు మా యాచార్యులు బీవా సరస్సును గూర్చిన "ఓమి అష్టదృశ్యముల"ను జూపిరి. కతతయొద్ద వ్రాలు బాతులు, ఇషియామపై శరచ్చంద్రుడు, కరసాకియందు రాత్రివర్షము, యబాసెకు మరలు తెరచాపలు మొదలైనవి యెనిమిది. హిరోషిగే (1797–1858) వీనిని జెక్కయచ్చులుగా వెలయింపగా నవి సామాన్యుల యిండ్లకును జేరినవి. అయితే ఎనిమిది దృశ్యములను కల్పన జపానువారిది గాదు. చీనాదేశపు షియావో, షియాంగ్ నదుల తీరములను గూర్చి పదునొకండవ శతాబ్దమున బుట్టినది. తాము చూడని నదుల చిత్రములను జూచి జపానువారు తమ సరస్సువైపు కన్నులు త్రిప్పిరి. ఎరవు దెచ్చుకొనుటలో సిగ్గు లేదు. తెచ్చినదానితో దన యింటిని జూడకుండుటయే లోపము.

"మీ సీమలో సరస్సు కలదా?" యని యాచార్యులు మమ్మడిగిరి. కలదంటిమి. కృష్ణా గోదావరుల నడుమ నున్నదనియు, ఏలూరు మీదుగా వచ్చు తమ్మిలేరును, బుడమేరును దానిలో గలియుననియు, ఉప్పుటేరు దాని నీటిని సముద్రమునకు గొనిపోవుననియు జెప్పితిమి. "ఆ సరస్సునకు మీ యెనిమిది దృశ్యము లేవి?" యని వారు మరల నడిగిరి. ఆ ప్రశ్నయే మా చదువునకు ఫలము.

జపాను కళ మనకు మునుపే చేరువైనది. 1903లో యొకొయామ తైకాన్, హిషిద షున్‌సో యను చిత్రకారులు కలకత్తాకు వచ్చిరి. వారి సాంగత్యమున నవనీంద్రనాథ ఠాకూరు వర్ణములను నీటితో దడిపి పలుచన చేయు పద్ధతిని గ్రహించెను. ఆ సంప్రదాయమునకు జెందిన ప్రమోదకుమార చట్టోపాధ్యాయులు బందరు జాతీయ కళాశాలలో బోధింపగా, అడివి బాపిరాజుగారు వారి శిష్యులైరి. కొల్లేటికి బందరెంత దూరము?

వ్రాయని కాగితమువలె నిండని నీటిచోటును బంజరని తలచువారు మన దేశమున బెక్కురు. కొల్లేటిలో గట్లు లేచి చేపల చెరువులు ప్రబలినవి. 1999లో దానిని వన్యప్రాణి సంరక్షణ కేంద్రముగా బ్రకటించిరి. 2002లో రామ్‌సర్ జాబితాలో జేరినది. 2006లో ప్రభుత్వము అనేకములగు చెరువుల గట్లను గొట్టించెను. గట్లు తెగినప్పుడు వానిపై బ్రతుకు వారికి గష్టము కలిగినది. గట్లు లేచినప్పుడు ఏటి నీటికి దారి తప్పినది. ఈ రెంటిని దూచి చెప్పుట చట్టమొక్కదానివలన గాదు. సరస్సును దమదిగా నెంచు ప్రజలు కావలయును.

బీవాకు నిట్టి కష్టమే వచ్చినది. 1977లో సూక్ష్మజీవులు ప్రబలి దాని నీరు ఎఱ్ఱబారెను. అంతట నచ్చటి గృహిణులు భాస్వరము గల బట్టల పొడిని మాని, సబ్బును వాడుదమని యింటింట బ్రచారము చేసిరి. 1979లో షిగా ప్రాంతీయ శాసనసభ యా పొడి యమ్మకమును వాడుకను నిషేధించు శాసనము చేసెను. ఆ స్త్రీలు చిత్రకారిణులు గారు. తమ సరస్సు రంగు మారుటను గనిపెట్టిన యిల్లాండ్రు. కన్ను తెరచి చూచుట నేర్చిన యింటికి గర్తవ్యము దానంతట బోధపడునని మా నమ్మకము.

కావున జదువరులకు మా మనవి యొక్కటి. చలికాలమున గైకలూరు చేరువనున్న ఆటపాకకు గూడబాతులు వచ్చును. మీ బాలురనే గాక బాలికలను గూడ నచ్చటికి దోడ్కొని పోవుడు. చేతికి గాగితము, పెన్సిలు నిచ్చి గడియసేపు మాటాడక కూర్చుండనిండు. బొమ్మ బాగుగ రాకున్న విచారము లేదు. పక్షి యెచ్చట వ్రాలెనో, నీ రెచ్చట నిలిచెనో, గట్టెచ్చట నడ్డము వచ్చెనో వారు గమనించిన జాలును. కొల్లేటి యష్టదృశ్యములను వ్రాయవలసినది వారే. అందులకు సరస్సును మిగిల్చి యుంచవలసినది మనము.